మండితేనే మందు

మా ఇంట్లో దేవుళ్ల పటాల వరుసలో, వేంకటేశ్వరస్వామికీ మల్లన్నకూ నడుమ, మా ఆయన ప్రథమ చికిత్స సర్టిఫికెట్ ఉండేది. బొగ్గుబాయిల్లో ఏటా ఆ పోటీలు పెడతారు. ఒకడు దెబ్బ తగిలినవాడిలా నేలమీద పడుకుంటాడు. వాడి ఛాతీ మీద ఒక చీటీ: కుడికాలు విరిగింది, తలకు గాయం, స్పృహ లేదు. జట్టు పరుగున వచ్చి, గడియారం చూసుకుంటూ కట్లు కట్టి, స్ట్రెచర్ మీద వేసుకుని పోవాలి. ఒక ఏడాది గోదావరిఖని చుట్టుపక్కల బాయిలన్నిటిలో మా ఆయన జట్టుదే మొదటి బహుమతి. ఒక స్టీలు టిఫిన్ కారేజీ, ఆ సర్టిఫికెట్ ఇచ్చారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మా ఆయన రచ్చ గెలిచి ఇంటిమీద పడ్డాడు.

వడ్రంగితో ఒక చెక్కపెట్టె చేయించి, తెల్లరంగు పూసి, మీద ఎర్ర ప్లస్ గుర్తు వేశాడు. అందులో దూది, మూడు మూలల గుడ్డలు, కత్తెర, ఒక పెద్ద సీసా మందు. నీళ్లలో పోస్తే పాలలా తెల్లబడుతుందే, ఘాటు వాసన వస్తుందే, ఆ మందు. ఇక మా క్వార్టర్ల లైనులో ఎవరి వేలు తెగినా, ఎవరి మోకాలు చెక్కుకుపోయినా మా గడప దగ్గరికే. ఒకసారి ఎదురింటి మేకపిల్ల కాలికి కూడా వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టాడు. అది మర్నాటికల్లా కట్టు నమిలేసి గంతులేసింది. "చూసినవా, ఎంత జల్ది నయమైందో" అన్నాడు.

దెబ్బమీద మందు పోస్తే పెద్దవాళ్లు కూడా అబ్బా అనేవారు. అప్పుడు ఆయన అందరికీ ఒకటే మాట చెప్పేవాడు.

"మండాలె. మండితేనే మందు పనిచేస్తున్నట్టు. ఓర్చుకోవాలె."

ఆ మాట మా ఆరేళ్ల పాప గడప మీద కూర్చుని వినేది. నేనూ వినేదాన్ని. అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు. ఆ తోచకపోవడం మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

పాప ఒకటో తరగతిలో చేరిన ఏడాది వానలు ఆలస్యమయ్యాయి. నేల మీదే బొగ్గు తవ్వే ఓపెన్ కాస్టులో మధ్యాహ్నం బాంబులు పేలుస్తారు. గిన్నెలు గలగలమంటాయి, తర్వాత నెమ్మదిగా నల్లదుమ్ము దిగుతుంది. తీగమీది బట్టలు, మంచం మీది దుప్పటి, మెడ మడతలు, దేన్నీ వదలదు. ఆ ఉక్కకు, ఆ దుమ్ముకు పాప మెడమీద చెమటకాయలు లేచాయి. నాలుగు రోజులుండి పోయేవే. కానీ మా ఇంట్లో మొదటి బహుమతి ఉంది కదా! బకెట్ నీళ్లలో ఒక మూత మందు పోసి స్నానం చేయించమన్నాడు. చేయించాను.

మూడోరోజో నాలుగోరోజో పాప అంది, "అమ్మా, మండుతుందే."

నేను ఆ మాట ఆయనకు చెప్పాను. ఈ ముక్క గుర్తుంచుకోవాలి. చెప్పింది నేనే.

"మండుతుందంటే పనిచేస్తుందన్నట్టే. రేపటి సంది రెండు మూతలు పొయ్యి" అన్నాడు.

పోశాను. మెడ ఎర్రబడింది. మోచేతి మడతల్లో, మోకాళ్ల వెనక చర్మం దళసరి ఎక్కి, పొట్టు లేచి, గోకితే రసి కారడం మొదలైంది. ఎరుపు పెరిగినకొద్దీ ఆయన దూది ముంచి, నీళ్లు కలపని మందే నేరుగా రుద్దేవాడు. పాప పళ్లు బిగించేది. "శెభాష్, నా బిడ్డ మగరాయుడు" అనేవాడు. ఆడపిల్ల ఏడవకపోతే మగరాయుడైపోతుంది మా దగ్గర. మంట మీద కిరసనాయిలు పోసి, ఆరడం లేదేమిటా అని ఇంకా పోసే తెలివితక్కువవాళ్లు ఉంటారా అంటే, ఉన్నాం, ఇద్దరం, ఒకే క్వార్టర్‌లో.

ఇక చుట్టుపక్కల సలహాలు. పక్కింటి అక్క వేపాకు నూరి పూయమంది. ఎదురింటామె ఘుమఘుమలాడే పౌడరు డబ్బా తెచ్చి, "పొడిగుంటే మానుతది సెల్లే" అంది. రసి కారే చోట ఆ పౌడరు పేరుకుని పిండిముద్దలా అంటుకుంది. పెద్దపల్లిలో మా ఆడబిడ్డ కూతురి పెళ్లికి వెళ్తే, ఫొటోలప్పుడు మా ఆడబిడ్డ తన తెల్లబడే క్రీము తెచ్చింది. "గా మచ్చలు కనవడితే మంచిగుండదు వదినె" అంటూ పాప మెడకు పట్టించింది. నేను వద్దనలేదు. అప్పటికి నాకూ ఆ మచ్చలంటే సిగ్గుగానే ఉంది. ఫొటో ఇప్పటికీ ఉంది. అందరూ కెమెరా వైపు నవ్వుతుంటే నా బిడ్డ ఒక్కతే మెడ పట్టుకుని గోడ వైపు తిరిగి ఉంటుంది.

పెళ్లి నుంచి వచ్చిన వారానికే బడిలో పాపను బెంచీ మీద నుంచి లేపారు. గజ్జి అని, మిగతా పిల్లలకు అంటుతుందని, తలుపు దగ్గర వేరే చాప వేశారు. అది మా పాప చెప్పలేదు. వాళ్ల తరగతిలో చదివే పక్కింటి పిల్ల చెప్పింది. "మీ పాప వాకిట్ల కూసుంటది ఆంటీ" అని. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది. చిన్న ప్రైవేటు బడి. అప్పుచేసైనా ఇంగ్లీషు చదువు చెప్పించాలని బాయిపని వాళ్లందరం పంపే బడి. ఆ బడిలో నా బిడ్డకు బెంచీ లేదు.

పది నిమిషాలు నడిస్తే బాయి కంపెనీ డిస్పెన్సరీ. డ్యూటీ వాళ్ల పిల్లలకు అన్నీ ఉచితమే. ఇన్ని రోజులూ అక్కడికి ఎందుకు పోలేదంటే ఏం చెప్పను. పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు ఉచితంగా దొరికేదానికి మా దగ్గర విలువ లేదు. పైగా ఇంట్లోనే డాక్టరుండగా దవాఖానకు పోతే లైనులో ఆయన పరువేం కావాలి? ఆయన ఫస్ట్ షిఫ్టుకు పోయాక, ఆయనకు చెప్పకుండానే పాపను తీసుకుపోయాను.

డాక్టరమ్మ నడివయసు మనిషి. పాప మెడ చూసింది, మోచేతులు చూసింది. తర్వాత వంగి వాసన చూసింది.

"తానం నీళ్లల్ల ఏం కలుపుతున్నరమ్మా?"

చెప్పాను. కొంచెం గర్వంగానే చెప్పాను, సుబ్బరంగా ఉంచుతున్నామని.

"రుద్దుతరా కూడ? నీళ్లు కలుపకుంటనా?" ఆమె పెన్ను కింద పెట్టేసింది. "ఇది గజ్జి కాదు. ఎవ్వలకు అంటది కాదు. పాప తోలుకు ఆ మందు పడ్తలేదు. మీరు దేనికైతే మందు పోస్తున్నరో, అది ఆ మందుతోనే అయితున్నది. సీసా బందు పెట్టుండ్రి. వాసన పౌడర్లు, క్రీములు, అన్ని బందు. ఉత్త నీళ్లు పొయ్యి, కొబ్బరినూనె రాయి."

నాలుగు రోజులు రాయమని ఒక ఆయింట్‌మెంటు ఇచ్చింది. అంటువ్యాధి కాదని బడికి చీటీ రాసిచ్చింది. మొత్తం ఐదు నిమిషాలు. మూడు నెలలు నా బిడ్డ చర్మం ఒలిచాం, విషయం తేలడానికి ఐదు నిమిషాలు పట్టింది.

చీటీ చూసి బడిలో బెంచీ తిరిగి ఇచ్చారు. మా ఆయన మాత్రం రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "బాయిల వందల మందికి పడ్డ మందు నా బిడ్డకు పడదా?" అన్నాడు చివరికి. "పడది. నువ్వు జెప్పినా పడది, నీ సర్టిఫికెట్ జెప్పినా పడది" అన్నాను. చెక్కపెట్టె మంచం కిందికి తోసేశాడు. పారేయి అని నేను అనలేదు. లైనులో ఎవరికైనా దెబ్బ తగిలితే కావాలి కదా అనుకున్నాను.

ఆ తర్వాత తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బాయిలు బందు, బస్సులు బందు, బడులు బందు. ఆయన పొద్దున్నే జెండా పట్టుకుని చౌరస్తాకు పోయేవాడు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు, రోడ్డు మీదే భోజనాలు. పిల్లలకైతే పండగే. దుమ్ములో పొర్లారు, చెమటల్లో ఉరికారు. నెల దాటేసరికి నా బిడ్డ మెడ నున్నగా, గోధుమరంగులో, మచ్చ లేకుండా తయారైంది. మోచేతులు నిమిరి నిమిరి చూసుకునేదాన్ని. డాక్టరమ్మకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

సమ్మె ముగిసింది, బడులు తెరిచారు. వారం తిరగకముందే మెడ మళ్లీ ఎర్రబడింది.

మెడ ఒక్కటే. మోచేతులు బాగానే ఉన్నాయి, మోకాళ్ల వెనక బాగానే ఉంది. మెడ చుట్టూ మాత్రం కందిపోయి, చెవుల కింద చిట్లి ఉంది. "నీ డాక్టరమ్మ మాట గింతేనాయె" అన్నాడు ఆయన. నాకు బడి మీద అనుమానం. యూనిఫాం కాలరా? చలవ చేసిన గంజా? కాలర్ తిప్పి కుట్టాను. బట్టలు ఉత్త నీళ్లలో జాడించాను. తగ్గలేదు. పాపను అడిగితే "ఏం లేదమ్మా" అనేది. అడిగిన ప్రతిసారీ అదే మాట.

ఒక రోజు పొద్దున ఆయన డ్యూటీకి పోయాడు. నేను జడ వేద్దామని దువ్వెన పట్టుకుని పిలిచాను. పలకలేదు. బాత్రూం వెనక, గోడకూ నీళ్ల డ్రమ్ముకూ మధ్య కూర్చుని ఉంది. ముందు చెక్కపెట్టె తెరిచి ఉంది. ఎడమచేతిలో సీసా మూత, కుడిచేతిలో తడిసిన దూది. తల పక్కకు వంచి, కళ్లు గట్టిగా మూసుకుని, చెవి కింద నుంచి మెడ వెనక్కి రుద్దుకుంటోంది. వాళ్ల నాన్న రుద్దినట్టే, కిందికి ఒకసారి, పక్కకు ఒకసారి.

నేను అరిచానో లేదో గుర్తులేదు. దూది లాగేసి, చెంబెడు నీళ్లు మెడమీద పోశాను.

"ఎందుకే? ఎందుకు రుద్దుకుంటున్నవే?"

"టీచర్ తెల్లగుడ్డతోని తుడుస్తదమ్మా."

బడి మళ్లీ తెరిచినప్పటి నుంచి, పొద్దున ప్రార్థన అయ్యాక వరుసలో నిలబెట్టి, ఒక్కొక్కరి మెడ తెల్ల చేతిరుమాలుతో తుడుస్తుందట. గుడ్డ తెల్లగా ఉంటే చొక్కాకు స్టార్ అంటిస్తుంది. నల్లగా అంటితే, "బొగ్గు పిల్లలు పక్కకు జరగండి." పక్కకు జరిగినవాళ్లు మొదటి పీరియడ్ అంతా నిలబడాలి. మొదటి మూడు రోజులూ పాప పక్కకు జరిగింది. ఉత్త నీళ్లతో పోసుకున్నా నడిచి పోయేలోపు దుమ్ము పడుతుంది కదా. ఆ మందుతో రుద్దుకున్న రోజు మాత్రం గుడ్డకు అంత అంటలేదట. పైగా టీచర్ వాసన చూసి "గుడ్" అందట. ఏళ్ల తరబడి అదే వాసనలో ఉన్న నా ముక్కుకు మాత్రం తెలియలేదు.

"మండలేదానే?"

"మండింది. కని నేను ఏడ్వలేదు. మండితేనే పనిచేస్తున్నట్టు గదా. ఓర్చుకున్న."

చెప్పేటప్పుడు దాని ముఖంలో ఎంత గర్వమో. అంత చిన్న గొంతులో వాళ్ల నాన్న మాట. ఇంతకాలం దాని చర్మానికి మందు పడడం లేదని మేం బెంగ పెట్టుకున్నాం. లోపల అది తనే మురికిదని నమ్మేసింది. దానికి ఏ డిస్పెన్సరీలో ఆయింట్‌మెంటు ఉంది?

దాని చెయ్యి పట్టుకుని బడికి పోయాను. జడ కూడా వెయ్యలేదు. దారిలో లారీలు పోతున్నాయి, దుమ్ము లేస్తోంది, నేను ఆగలేదు. బడి వరండాలో ప్రార్థన అప్పుడే అయింది. టీచర్ రెండో వరుసలో ఉంది. చేతిలో ఆ రుమాలు. అంచుకు నీలిపూలు కుట్టి ఉన్నాయి, బాగా ఉతికి ఇస్త్రీ చేసినది.

"ఆ గుడ్డ ఒకసారి ఇయ్యి టీచర్" అన్నాను.

ఏమనుకుందో ఇచ్చింది. నేను మడత మార్చి నా మెడ తుడుచుకుని చూపించాను. నల్లటి చార.

"పొద్దున లేచి తలకు పోసుకున్న. చూడు. నేను బొగ్గుదాన్నేనా?" మళ్లీ మడత మార్చి ఆమె కుర్చీ చేతిమీద తుడిచాను. కిటికీ చెక్క తుడిచాను. అంతా నలుపే. "నీ కుర్చీని గూడ నిలవెట్టు పక్కకు. ఇగ నీ మెడ తుడువనా?"

పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. టీచర్ ఒక అడుగు వెనక్కి వేసింది. నేను పాప మెడమీది జుట్టు తీసి ఆమెకు చూపించాను. సీసా సంగతి చెప్పాను. ఎదురు మాట్లాడుతుందనుకున్నాను, కొట్లాటకు సిద్ధపడే వచ్చాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నేను మందమర్రి పిల్లనే అక్కా. మా నాయిన గూడ బాయిల చేసిండు. చిన్నప్పుడు నన్ను గిట్లనే తుడిచిండ్రు, గట్లనే పిలిచిండ్రు. ఈ పిల్లలు రేపు ఎక్కడికన్న పోతే ఎవ్వలతోని ఆ మాట పడొద్దని..."

"ఎవ్వలో అనద్దని నువ్వే ముందుగాల అంటున్నవా? నీకు జరిగింది తప్పయినప్పుడు నా బిడ్డకెట్ల ఒప్పయితది?"

ఆమె మీద జాలి కలిగిందా అని తర్వాత చాలామంది అడిగారు. కలగలేదు. కాలిన మచ్చ ఉన్న మనిషికి నిప్పు సంగతి ఇంకా బాగా తెలియాలి. రుమాలు ఆమె చేతిలో పెట్టాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. మళ్లీ బయటికి తియ్యలేదని పక్కింటి పిల్ల చెప్పింది.

ఆ సాయంత్రం ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. బాయి దగ్గరే స్నానం చేసి వస్తాడు, అయినా కనురెప్పల అంచున కాటుకలా నలుపు మిగులుతుంది. నేను జరిగింది చెప్పాను. ఏడవలేదు అన్న మాట చెప్పినప్పుడు ఆయన గోడకు ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. లేచి, బాత్రూం వెనక తెరిచే ఉన్న పెట్టెలోంచి సీసా తీసి మోరీలో గుమ్మరించాడు. మా వాకిట్లో రెండు రోజులు ఆ వాసన పోలేదు. సర్టిఫికెట్ ఆయన తీయలేదు, నేనే తీసి బీరువా మీద పెట్టాను.

మర్నాడు ముగ్గురం డిస్పెన్సరీకి పోయాం. ఆయన డ్యూటీకి నాగా పెట్టి మరీ వచ్చాడు. డాక్టరమ్మ అంతా వింది. కుర్చీ ముందుకు జరుపుకుని, పాప రెండు చేతులూ పట్టుకుని దానితోనే మాట్లాడింది.

"బిడ్డా, మండుడు మంచిది కాదు. మండితే ఓర్చుకోవద్దు. ఎంబడే చెప్పాలె. సరేనా?"

పాప తలూపింది. తర్వాత అడిగింది.

"ఎవలకు చెప్పాలె?"

ఆయన నేల వంక చూశాడు. నేనే ముందుకు వంగి, "నాకు చెప్పు బిడ్డా. నాకు చెప్పాలె" అన్నాను.

పాప నా ముఖం వంక చూసింది. కోపం లేదు, అలక లేదు, ఉన్న సంగతి చెప్తున్నట్టు చెప్పింది.

"నీకు చెప్పిన గదమ్మా. నువ్వు బాపుకు చెప్పినవ్. బాపు రెండు మూతలు పొయ్యమన్నడు, పోసినవ్."